రిటైరైన తండ్రి పింఛనులో పిల్లల వాటా

కోర్టు ఏయే ఆస్తుల్ని జప్తు చెయ్యకూడదో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. మామూలు అప్పు డిక్రీ అయితే, బాకీ పడ్డవాడి జీతంలో మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు అంటుంది. అదే భరణం డిక్రీ అయితే లెక్క తిరగబడుతుంది. జీతంలో మూడో వంతు మాత్రం ఉద్యోగికి వదిలేసి, మిగతా రెండు వంతులూ జప్తు చెయ్యవచ్చు. చిట్టీ బాకీ వేరు, కన్నబిడ్డ తిండి వేరు అని చట్టం అక్కడ ఒప్పుకుంది. అదే సెక్షన్‌లో పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎక్కడా కనిపించదు. బ్యాంకు అప్పయినా, షావుకారు నోటయినా, కూతురి భరణమైనా అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, జప్తు చెయ్యడానికి వీల్లేదని ఊరుకుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. జీతం దగ్గర పిల్లల భరణానికి ఇచ్చిన మినహాయింపు రిటైర్మెంట్ డబ్బు దగ్గర కూడా ఇవ్వాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తండ్రి జీతం మీద పిల్లలకున్న హక్కు, ఆయన రిటైరైన మర్నాడు మాయమైపోవడంలో న్యాయం లేదు. విడాకులకి తప్పెవరిది, భర్తదా భార్యదా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. ఆ గొడవ కోర్టులో ముగిసింది, పిల్లలకి నెలకి ఇంత ఇవ్వమని జడ్జి రాశారు, అది అందడం లేదు. నా మాట అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ప్రభుత్వాఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో చాలా ఏళ్లు పనిచేశాను. పెన్షన్ పేపర్లు తయారుచెయ్యడం నా పనుల్లో ఒకటి. రిటైరయ్యే ఉద్యోగి సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీ నుంచి సరిచూసి, అర్హమైన సర్వీసు లెక్కగట్టి, ఫారాలు నింపించి, ఫొటోలు, సంతకాల నమూనాలు తీసుకుని, పెన్షన్ ఖాయం చేసే అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసుకి పంపాలి. ఆ కట్టలో రెండు కాగితాల గురించి ఇక్కడ చెప్పాలి.

ఒకటి, కుటుంబ సభ్యుల వివరాల ఫారం. ఉద్యోగి చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి వెళ్లాలో దీన్నిబట్టి చూస్తారు. విడాకులు తీసుకున్న భార్యకి ఫ్యామిలీ పెన్షన్ రాదు. పిల్లల సంగతి అలా కాదు, వాళ్ల పేర్లు ఉండాలి. ఒకాయన ఈ ఫారం నింపుతూ కూతురి గడి దగ్గర ఆగిపోయారు. "పాప వాళ్లమ్మ దగ్గరే ఉంటుందమ్మా, నాకేం సంబంధం లేదు. రాయాలా?" అని అడిగారు. "ఎక్కడున్నా మీ కూతురే కదా సార్, రాయాల్సిందే" అన్నాను. పేరు రాశారు. పుట్టిన తేదీ గుర్తులేదు. బయటికి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని వచ్చి, ఆ గడి కూడా నింపారు.

ఆ గడి ఎందుకంత ముఖ్యమో చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ రూల్స్ చూడండి. ఉద్యోగి విడాకులు తీసుకుని, మళ్లీ పెళ్లి చేసుకుని, ఆ తర్వాత చనిపోయాడనుకుందాం. మొదటి భార్యకి పుట్టిన పిల్లలు అర్హత ఉన్న వయసులో ఉంటే, విడాకులు జరగకపోయి ఉంటే వాళ్ల తల్లికి ఎంత వాటా వచ్చేదో ఆ వాటా వాళ్లకి ఇవ్వాలని అందులో ఉంది. మామూలుగా 25 ఏళ్లు నిండేదాకా, లేదా పెళ్లయ్యేదాకా, సొంత సంపాదన మొదలయ్యేదాకా అది వస్తుంది. అంటే తల్లిదండ్రుల విడాకులతో పిల్లల హక్కు పోదని ప్రభుత్వమే రాసిపెట్టుకుంది. తండ్రి చనిపోతే ఆ పిల్ల ఖాతాలో నెలనెలా డబ్బు పడుతుంది. తండ్రి బతికుంటే మాత్రం, కోర్టు ఆర్డరు చేతిలో ఉన్నా, అదే పింఛను నుంచి ఒక్క రూపాయి రాబట్టడానికి తల్లి ఏళ్ల తరబడి తిరగాలి. ఏ బిడ్డకీ తండ్రి చావుతోనే న్యాయం జరిగే పరిస్థితి రాకూడదు. మన చట్టం సరిగ్గా ఆ పరిస్థితినే తెచ్చిపెట్టింది.

రెండో కాగితం, నో డ్యూస్ సర్టిఫికెట్. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అడ్వాన్సు తీరిందా, క్వార్టర్ అద్దె బాకీ ఉందా, ఎప్పుడైనా పొరపాటున ఎక్కువ జీతం డ్రా చేశారా, ఇవన్నీ చూస్తారు. ప్రభుత్వానికి బాకీ తేలితే గ్రాట్యుటీలోంచి పట్టుకుంటారు. అందుకు రూల్స్ స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి రిటైర్మెంట్ డబ్బు పవిత్రం, దాన్నెవరూ తాకకూడదు అనే వాదన నా ముందు నిలబడదు. ప్రభుత్వం తన బాకీకి తాకుతుంది. పెన్షన్ మీద లోన్లు ఇచ్చే బ్యాంకులు, పెన్షనర్ సంతకం ఉంది కాబట్టి, పెన్షన్ పడ్డ రోజే ఈఎంఐ పట్టుకుంటాయి. ఇంతమందికి దారి దొరికిన చోట, ఆ ఉద్యోగి పేపర్లలో పేరూ పుట్టిన తేదీ ఉన్న అతని సొంత కూతురికి దారి లేదు.

మా పెద్దమ్మ కూతురి విషయం ఈ మాటలన్నీ నాచేత రాయిస్తోంది. అక్కకి విడాకులయ్యేనాటికి పాప చిన్న క్లాసుల్లో ఉంది. బావ ప్రభుత్వోద్యోగి, పాత పెన్షన్ వచ్చే రోజుల్లో చేరినవాడు. పాపకి నెలకి పదివేలు ఇవ్వమని కోర్టు చెప్పింది. మొదట్లో ఇచ్చాడు, తర్వాత మానేశాడు. అక్క కోర్టుకి వెళ్లి జీతం అటాచ్ చేయించుకుంది. కోర్టు కాగితం జీతాల బిల్లు చేసే అధికారికి (డీడీవో) వెళ్లాక ఇక అతన్ని అడగాల్సిన పని లేకపోయింది. జీతం బిల్లులోనే కోత పడి, ఒకటో తారీఖు దాటిన నాలుగైదు రోజులకి అక్క పాస్‌బుక్‌లో పదివేలు ఎక్కేది. ఆ కొన్నేళ్లూ మా ఇంట్లో ఎవరూ అతని పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు. కోర్టు ఆర్డరు ఎలా అమలు కావాలో నేను కళ్లారా చూసింది అప్పుడే. ఎవరూ ఎవరినీ బతిమాలలేదు, ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు.

పాప ఇంటర్‌లో ఉండగా అతను వాలంటరీ రిటైర్మెంట్ పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ల సర్వీసు పూర్తయితే మన రాష్ట్రాల్లో ఉద్యోగి అలా పెట్టుకోవచ్చు. జీతం ఆగింది, జీతంతోపాటు కోతా ఆగింది. గ్రాట్యుటీ వచ్చింది, పెన్షన్లో నలభై శాతం కమ్యూట్ చేసుకుంటే, అంటే ముందుగానే సొమ్ము చేసుకుంటే, ఆ మొత్తం ఒకేసారి వచ్చింది, మిగతా పెన్షన్ నెలనెలా వస్తోంది. అక్క పాస్‌బుక్‌లో మాత్రం ఇంకేమీ ఎక్కలేదు. పెన్షన్ మీద ఈపీ (ఆర్డరు అమలు చెయ్యమనే పిటిషన్) వేస్తే అవతలి వకీలు 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్ తీసి చదివాడు. అప్పణ్ణుంచి వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. పాప ఇప్పుడు బీటెక్ చదువుతోంది. హాస్టల్ ఫీజు కట్టాల్సిన నెల వస్తే అక్కకి టెన్షన్, ఎవరిని అడగాలా అని. ఉద్యోగం మానేసింది ఈ పదివేలు ఎగ్గొట్టడానికేనని నేను ప్రమాణం చెయ్యలేను. అతని ఉద్దేశం ఏదైనా, చట్టం అతనికి ఆ తలుపు తెరిచిపెట్టి ఉంచింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు.

ఆ 11వ సెక్షన్ ఏం చెబుతుందంటే, గత సేవలకి ప్రభుత్వం ఇచ్చే పింఛనుని, అప్పులవాడు కోరాడని గానీ, కోర్టు డిక్రీ తీర్చడానికని గానీ జప్తు చెయ్యకూడదు. అప్పట్లో ఆ రక్షణ అవసరమే. వడ్డీ వ్యాపారి చేతిలో పడ్డ ముసలి పెన్షనర్ ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదనే కదా ఆ ఏర్పాటు. తర్వాత వచ్చినవి కూడా ఆ ఉద్దేశంతోనే వచ్చాయి. 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం ప్రభుత్వోద్యోగుల ప్రావిడెంట్ ఫండ్‌కి (జీపీఎఫ్) రక్షణ ఇచ్చింది. 1952 నాటి ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ (ఈపీఎఫ్) చట్టం 10వ సెక్షన్, సభ్యుడి ఖాతాలో ఉన్న సొమ్ము అతని ఏ అప్పు కోసమూ, ఏ బాధ్యత కోసమూ ఏ కోర్టు ఉత్తర్వు కిందా జప్తు కాకూడదంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం 13వ సెక్షన్ సివిల్, రెవెన్యూ, క్రిమినల్ కోర్టులు మూడింటినీ పేరుపేరునా చెప్పి మరీ తలుపు మూసింది. కార్మికులకి ఇవి పెద్ద అండ. వీటిని తీసెయ్యమని నేను ఎప్పుడూ అనను. డబ్బు చేతికొచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకున్నా దాని రక్షణ పోదని, బ్యాంకు అప్పుకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు నుంచి పెన్షనర్‌ని కాపాడే ఆ తీర్పు నాకు ఇష్టమే.

నా ప్రశ్న ఒక్కటే. ఈ రక్షణలన్నీ ఎవరి కోసం? ఉద్యోగి కోసం, అతని మీద ఆధారపడ్డ కుటుంబం కోసం. బయటి అప్పులవాడి నుంచి కుటుంబాన్ని కాపాడ్డానికి కట్టిన గోడ అది. ఆ గోడకి అవతల, అప్పులవాడి పక్కన, ఆ ఇంటి బిడ్డనే నిలబెట్టేశారు. 1871లో, 1952లో విడాకులు అరుదు. తండ్రి జీతం ఒక ఇంట్లో, బిడ్డ ఇంకో ఇంట్లో ఉంటారని అప్పటివాళ్లు ఊహించి ఉండకపోవచ్చు. ఇప్పుడు ఏ ఫ్యామిలీ కోర్టు వరండాలో నిలబడ్డా కనిపించేది ఆ పిల్లలే.

కోర్టులు ఈ అన్యాయాన్ని గుర్తించకపోలేదు. భార్య అప్పులవాడి కిందికి రాదని, కాబట్టి భరణం కోసం పింఛను అటాచ్ చెయ్యడానికి 11వ సెక్షన్ అడ్డు కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2019లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. భరణం హక్కు రాజ్యాంగంలోని 21వ ఆర్టికల్ ఇచ్చే గౌరవంగా బతికే హక్కులో భాగమని, ప్రాథమిక హక్కుతో సమానమని, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకుల హక్కు కన్నా దానికే పెద్దపీట వెయ్యాలని అంది. తాకట్టు ఉన్న బ్యాంకు కన్నా బిడ్డ ముందు అన్నాక, గ్రాట్యుటీ దగ్గర ఆ బిడ్డని వెనక్కి తోసెయ్యడానికి ఏ తర్కం మిగిలింది? అయినా చట్టంలో అక్షరం మారలేదు. కింది కోర్టులో అవతలి వకీలు సెక్షన్ చదువుతాడు, ఇవతలి వకీలు తీర్పు చదువుతాడు, జడ్జి వాయిదా వేస్తారు. ప్రతి తల్లీ అదే వాదన మొదటి నుంచీ మళ్లీ గెలవాలి. వకీలు ఫీజు కట్టగలిగిన తల్లి హైకోర్టు దాకా వెళ్తుంది. కట్టలేని తల్లి ఇంటికి వెళ్తుంది.

జైలు ఉంది కదా అంటారు కొందరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 144వ సెక్షన్ కింద, భరణం కట్టనివాడిని ఒక్కో నెల బాకీకి నెల దాకా జైల్లో పెట్టవచ్చు. జైలుకి వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని కూడా సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. కానీ తండ్రిని పోలీసులు తీసుకెళ్తే బిడ్డ కంచంలోకి అన్నం రాదు. పైగా ఆ అవమానం జీవితాంతం తండ్రీకూతుళ్ల మధ్య ఉండిపోతుంది. అతని ఖాతాలోకి వెళ్లే డబ్బులో కొంత బిడ్డ ఖాతాలోకి మళ్లిస్తే ఎవరి పరువూ పోదు. మా అక్క పాస్‌బుక్‌లో జరిగింది అదే.

మన దేశంలో ఇలాంటి పద్ధతి కొత్తదేం కాదు. సైనికుల జీతాన్ని కోర్టులు అటాచ్ చెయ్యడానికి వీల్లేదు. కానీ భార్యాపిల్లల్ని పట్టించుకోని సైనికుడి జీతంలోంచి వాళ్ల పోషణకి కొంత కోసి ఇచ్చే అధికారం 1950 నాటి ఆర్మీ చట్టం 90, 91 సెక్షన్లలోనే ఉంది. కోర్టు తలుపు మూసినప్పుడు పిల్లల కోసం ఇంకో తలుపు తెరవాలని ఆ చట్టం రాసినవాళ్లకి తోచింది. పింఛను చట్టాలు రాసినవాళ్లకి తోచలేదు.

అమెరికాలో ఇదే చిక్కు వచ్చింది, వాళ్లు దాన్ని విప్పారు. అక్కడి ప్రైవేటు కంపెనీల రిటైర్మెంట్ ప్లాన్లకి 1974లో ఎరిసా అనే చట్టం వచ్చింది. ఆ డబ్బుని ఎవరికీ బదిలీ చెయ్యకూడదని అందులో గట్టి నిబంధన పెట్టారు. కొన్నేళ్లలోనే విడాకులు తీసుకున్న భార్యలు, పిల్లలు రోడ్డున పడుతున్నారని అర్థమైంది. 1984లో కాంగ్రెస్ ఆ చట్టాన్ని సవరించి క్యూడీఆర్‌ఓ అనే ఉత్తర్వుని తెచ్చింది. రాష్ట్ర కుటుంబ చట్టాల కింద కోర్టు ఇచ్చే ఆ ఉత్తర్వులో ఉద్యోగి పేరు, చిరునామా, డబ్బు అందుకోవాల్సినవారి పేరు, చిరునామా, ఎంత మొత్తమో లేదా ఎంత శాతమో, ఎంతకాలమో, ఏ ప్లాన్ నుంచో రాయాలి. అవి సరిగ్గా ఉంటే ప్లాన్ నడిపేవాళ్లు ఆ ప్రకారం చెల్లించి తీరాలి. ఆ అందుకునేవారు భార్య కావచ్చు, మాజీ భార్య కావచ్చు, బిడ్డ కూడా కావచ్చు. చట్టంలోనే బిడ్డ అని రాసి ఉంది. కాబట్టి పిల్లల భరణం బకాయిలు కూడా 401కే అనే కంపెనీ రిటైర్మెంట్ పొదుపు ఖాతా నుంచి రాబట్టుకునే దారి ఏర్పడింది. బిడ్డకి వెళ్లిన డబ్బు మీద పన్ను భారం ఆ ఉద్యోగి మీదే పడుతుంది. సోషల్ సెక్యూరిటీ పింఛనులో కూడా పిల్లల భరణానికి కోత పెట్టవచ్చు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ విషయం తెలియక నష్టపోయేవాళ్లున్నారు. విడాకుల సెటిల్‌మెంట్‌లో ఇల్లు, కారు, బ్యాంకు బ్యాలెన్స్ పంచుకుంటారు, 401కే సంగతి ఎవరూ ఎత్తరు. ఇక్కడ గుంటూరులోనో వరంగల్‌లోనో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన ఆర్డరు కాపీని అమెరికా ప్లాన్‌కి పంపితే మాత్రం పని జరగదు. అది అక్కడి రాష్ట్ర కోర్టు ఉత్తర్వు రూపంలో వెళ్లాలి. కాబట్టి అక్కడి లాయర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

అమెరికా పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. జీతాల్లోంచి భరణానికి ఎంత కొయ్యవచ్చో వాళ్ల చట్టం పరిమితి పెట్టింది. ఆ తండ్రి ఇంకో భార్యనో బిడ్డనో పోషిస్తుంటే సగానికి మించి కొయ్యకూడదు. లేకపోతే అరవై శాతం. పన్నెండు వారాలు దాటిన పాత బకాయి ఉంటే ఇంకో అయిదు శాతం. రెండో ఇంటి పిల్లలకీ ఆకలి ఉంటుంది కదా అన్న ప్రశ్నకి అది జవాబు. మనకి ఇప్పుడున్నది అన్నీ లేదా ఏమీ లేదు అన్న పద్ధతి.

నాతో పనిచేసిన కొందరు ఇది విని గట్టిగానే కాదన్నారు. అరవై ఏళ్లు దాటాక షుగరు, బీపీ, మోకాళ్లు, మందుల ఖర్చు, ఆ పింఛనే ఆధారం, దాన్ని కూడా లాక్కుంటారా అన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, నేనూ పెన్షనర్‌నే. అందుకే జీతంలోలాగా మూడింట రెండు వంతులు కొయ్యమని అడగడం లేదు. నెలవారీ పింఛనులో మూడో వంతు మించకూడదని పెట్టినా చాలు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, పీఎఫ్ లాంటి ఒకేసారి వచ్చే మొత్తాల్లోంచి మాత్రం కోర్టు తేల్చిన పాత బకాయి పూర్తిగా తీర్చాకే మిగతాది చేతికివ్వాలి. ఆ బకాయి నిన్న పుట్టింది కాదు, ఆ బిడ్డ ఎనిమిదో క్లాసులోనో పదో క్లాసులోనో తినాల్సిన తిండి అది. అప్పట్లో ఆ ఖర్చు అమ్మమ్మో మేనమామో భరించి ఉంటారు. బిడ్డకి పద్దెనిమిది నిండినంత మాత్రాన ఆ పాత బాకీ రద్దు కాదు.

ఆడవాళ్లు తప్పుడు కేసులు పెడుతున్నారు, భరణాల పేరుతో మగవాళ్లని పీడిస్తున్నారు అని ఇంకో వాదన. అలాంటి కేసులు ఉండవచ్చు. వాటికి విచారణ ఉంది, అప్పీలు ఉంది. నేను అడుగుతున్నది అవన్నీ దాటి, ఖాయమైన ఆర్డరు గురించి, అందులోనూ పిల్లల భాగం గురించి. భార్య మీద కోపం ఎంతైనా ఉండనీ, ఎనిమిదేళ్ల పిల్లవాడు ఏ తప్పుడు కేసూ పెట్టలేదు.

మన దగ్గర పింఛను, పీఎఫ్ ఉన్నవాళ్లే తక్కువ, ఆటో నడిపేవాడి పిల్లల సంగతేమిటి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ దారి వాళ్లకి ఉపయోగపడదు. కానీ నెలనెలా ఖాయంగా డబ్బొచ్చే తండ్రుల దగ్గరే రాబట్టలేని వ్యవస్థ, రోజుకూలీ దగ్గర ఏం రాబడుతుంది?

చట్టం మారేదాకా తల్లులు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. నేను వకీలుని కాను, కానీ ఫైళ్ల వైపు నుంచీ ఇంటి వైపు నుంచీ చూసినదాన్ని. అన్నిటికన్నా ముందు, ఆర్డరులో పిల్లల మొత్తం విడిగా రాయించుకోండి. భార్యాపిల్లలకి కలిపి ఇంత అని ఉంటే, రేపు ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఉద్యోగంలో చేరినా ఆ మొత్తం మీదే గొడవ మొదలవుతుంది. ఆయన జీతం తీసుకుంటున్నప్పుడే అటాచ్‌మెంట్ అడగాలి, రిటైర్మెంట్ దాకా బకాయి పెరగనివ్వకూడదు. గృహహింస చట్టం కింద ఆర్డరు ఉంటే 20వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం, అతనికి జీతమిచ్చే యజమాని నేరుగా ఆమెకే చెల్లించేలా మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఈ ఒక్క నిబంధన తెలియక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

గడువు విషయంలో జాగ్రత్త. పైన చెప్పిన 125 లేదా 144 సెక్షన్ కింద వారంటు కావాలంటే బాకీ పడ్డ ఏడాదిలోపే పిటిషన్ వెయ్యాలి. ఇస్తాడులే అని రెండేళ్లు ఎదురుచూస్తే మొదటి ఏడాది సొమ్ముకి ఆ దారి మూసుకుపోతుంది. హక్కు మాత్రం పోదని, సివిల్ దారిలో రాబట్టుకోవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ డిక్రీ అయితే అమలుకి పన్నెండేళ్ల గడువు ఉంటుంది. భరణం ఉత్తర్వుల్ని సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా అమలు చేసుకోవచ్చని 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు స్పష్టం చేసింది. ఆ తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు మన మెదక్ ప్రాంతం నుంచి వెళ్లిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపూర్వకంగా అఫిడవిట్‌లో చెప్పాలని పెట్టింది కూడా ఆ తీర్పే. అవతలివాళ్ల అఫిడవిట్‌లో పీఎఫ్ నిల్వ, రాబోయే గ్రాట్యుటీ, రిటైరయ్యే తేదీ లేకపోతే ఊరుకోవద్దు, రాయమని కోర్టుని అడగండి. ప్రభుత్వోద్యోగి రిటైరయ్యే తేదీ దాచినా దాగేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లు, తెలంగాణలో 61. ఆ తేదీకి బాగా ముందే కోర్టుకి వెళ్లి, బకాయి మేరకు చెల్లింపు ఆపమని అడగాలి. కోర్టు ఒప్పుకోకపోవచ్చు. డబ్బు చేతులు మారాక అడిగేకన్నా అప్పుడు అడగడమే మేలు. ఇల్లో స్థలమో ఉంటే దాని మీద ఛార్జ్, అంటే బాకీకి హామీగా హక్కు, పెట్టమని కూడా అడగవచ్చు.

ఇక మారాల్సినవి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కి పార్లమెంటు చిన్న సవరణ చేస్తే చాలు. జీతం దగ్గర రాసిన "భరణం డిక్రీ తప్ప" అన్న మాటే పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ నిబంధనల్లో కూడా చేర్చాలి. పీఎఫ్, గ్రాట్యుటీ చట్టాల్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేసిన ఈ రోజుల్లో అక్కడా అదే మాట రాయడం కష్టమేం కాదు. ఢిల్లీ కదిలేదాకా మన రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని కూడా లేదు. సివిల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది, 60వ సెక్షన్‌కి తమ సొంత సవరణలు చేసుకున్న రాష్ట్రాలు చాలా ఉన్నాయి. రాష్ట్ర పింఛన్లయితే అచ్చంగా రాష్ట్ర జాబితాలోని అంశం. మనకి 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ఉన్నాయి. వాటిని మార్చుకునే అధికారం అమరావతికీ ఉంది, హైదరాబాద్‌కీ ఉంది.

ఫారాల్లో మార్పు ఇంకా తేలిక. పెన్షన్ పేపర్లలో ఒక్క గడి పెట్టండి: "పిల్లల భరణం గురించి కోర్టు ఉత్తర్వు ఏదైనా అమల్లో ఉందా? ఉంటే ఈ తేదీకి బకాయి ఎంత?" ఉందని రాస్తే ఉత్తర్వు నకలు జతచెయ్యాలి. అబద్ధం రాస్తే అది దుష్ప్రవర్తన కింద లెక్కకి రావాలి. క్వార్టర్ అద్దె బాకీతోపాటు ఈ బాకీ కూడా తీరాకే నో డ్యూస్ ఇవ్వాలి. ఆ గడి నింపించడానికి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ గుమస్తాకి అయిదు నిమిషాలు చాలు. ఇదే మాట ఉపాధ్యాయ సంఘాలకీ, నాన్ గెజిటెడ్ ఉద్యోగుల (ఎన్జీవో) సంఘాలకీ, పెన్షనర్ల సంఘాలకీ చెబుతున్నాను. పాత పెన్షన్ తిరిగి ఇవ్వమని మీరు చేసిన ధర్నాల్లో కుటుంబ భద్రత అనే బ్యానర్ పట్టుకున్నారు. మా జిల్లా పెన్షనర్ల సంఘం వచ్చే సమావేశానికి ఈ గడి గురించి తీర్మానం రాసి ఇచ్చాను. మీ జిల్లాలో పెట్టేవాళ్లుంటే ఇందులోని మాటలు యథాతథంగా వాడుకోండి.